దీపం పాటలో చప్పుడు

కచేరీ ముగిసి, చప్పట్లు సద్దుమణిగి, జనం కుర్చీల వరసల మధ్య నుంచి మెల్లగా బయటికి కదులుతున్న వేళ, వేదిక అంచున మోకాళ్ళ మీద కూర్చుండిపోయిన ఫొటోగ్రాఫరు పిచ్చుక దగ్గరికి డ్రమ్ముల ఉరుము మాస్టారు వచ్చి నిలబడ్డారు. ఆమె ముఖం వంక కాక ఆమె చేతిలోని కెమెరా వంక చూసి, "రేపు పొద్దున రికార్డింగ్ గదికి రా, ఒకటి వినాలి" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయారు. పోయిన వారం అక్కడ ఆగాం. ఆయన గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే ఆమెకు కాస్త కునుకు పట్టి ఉండేది.

వినవలసింది ఏమిటో ఆమెకు తెలియకపోలేదు. పాటల లోకమంతా అక్కగారని పిలుచుకునే గాయని ఇక పాడడం చాలిస్తానని చెప్పి, వీడ్కోలుగా వరసగా కొన్ని కచేరీలు పెట్టుకున్నారు. వాటిలో మొదటిదాన్ని, జనం ముందు పాడింది పాడినట్టుగా, రికార్డుగా తేవాలని అనుకున్నారు. అందులో చివరిది దీపం పాట. వెలుగులన్నీ ఆర్పి ఒక్క చిన్న దీపం మాత్రమే ఉంచి పాడతారు గనుక దానికి ఆ పేరు. డ్రమ్ములు మోగవు. గిటారు ఒక్కటే సన్నగా వెంట నడుస్తుంది.

వాన వెలిసిన వాకిలిలో
నీ అడుగుల తడి ఆరకముందే
నా పాట నీ వెంట పంపుతాను

ఇవీ ఆ పాట చివరి పాదాలు. రెండో పాదం అయ్యాక అక్కగారు ఆగారు. ఆగి, అలాగే ఉండిపోయారు. హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది. దగ్గు వచ్చినవాళ్ళు దగ్గును దిగమింగుకున్నారు. ఆ నిశ్శబ్దం నడిమధ్యలో, ఎండుకొమ్మ విరిగినట్టు, పిచ్చుక కెమెరా టప్పుమంది.

పిచ్చుక ఎవరి ఉద్యోగీ కాదు. ఈ వారం ఒక పత్రిక పిలుస్తుంది, వచ్చే వారం ఒక బృందం పిలుస్తుంది, మధ్యలో ఎవరూ పిలవని వారాలూ ఉంటాయి. భుజానికి సంచీ, మెడలో కెమెరా, కాళ్ళకు చప్పుడు చెయ్యని బూట్లు. ఇంతే ఆమె దుకాణం. ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఏ కచేరీలోనైనా ఫొటోలు తీసేవాళ్ళను మొదటి మూడు పాటల వరకే వేదిక ముందు ఉండనిస్తారు. ఆ తర్వాత కాపలావాళ్ళు వచ్చి, కోళ్ళను గంప కిందికి తోలినట్టు, అందరినీ వెనక తలుపు దాటిస్తారు. అక్కగారి కచేరీల్లో మాత్రం పిచ్చుకను ఎవరూ తోలరు. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఆమె వేదిక అంచునే ఉంటుంది.

ఆ వరం ఊరికే రాలేదు. ఆమె డిజిటల్ కెమెరా తొలినాటి పాత రకం. నొక్కితే గట్టిగా మోగుతుంది. చేరిన కొత్తలో ఆ మోతకు ముందు వరసవాళ్ళు పాట వదిలి ఆమె వంక చూసేవారు. సిగ్గుతో చచ్చిపోయి, ఎవరూ నేర్పని ఒక ఉపాయం తనకు తానే నేర్చుకుంది. డ్రమ్ములు వాయించే మనిషి మోచెయ్యి పైకి లేవడం చూస్తుంది. ఊపిరి వదులుతుంది. ఆయన చేతి కర్ర చర్మం మీద పడే క్షణానికి తన వేలూ పడుతుంది. పెద్ద దెబ్బ కింద చిన్న చప్పుడు నలిగిపోతుంది. ముందు వరసవాళ్ళు ఆమె వంక చూడడం మానేశారు. ఆమె ఉపాయం ఎవరికీ తెలియదని అనుకుంది. కానీ ఎవరి దెబ్బ కింద దాక్కుందో ఆయనకు తెలియకుండా ఎలా పోతుంది? ఒక సాయంత్రం అక్కగారి తమ్ముడు, మాట తక్కువ దెబ్బ ఎక్కువ కనుక అందరూ ఉరుము మాస్టారని పిలిచే ఆ డ్రమ్ముల మనిషి, కర్రలు కింద పెట్టి, నా దెబ్బ చూరులో ఎవరో గూడు కట్టుకున్నారక్కా అన్నారట. అక్కగారు పడీ పడీ నవ్వి, అయితే అది పిచ్చుకేరా, ఉండనీ అన్నారట. ఆనాటి నుంచి ఆమె పేరు పిచ్చుక. చూరు వాళ్ళది, గూడు ఆమెది.

ఆ గూటిలో ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం ఒక్కటే. దెబ్బ లేని చోట నొక్కకూడదు. అందుకే దీపం పాట మొదలవగానే కెమెరాను ఒడిలో పడుకోబెట్టి, చేతులు ముడిచి, జనంలో ఒకతెగా వినేది. ఇన్నేళ్ళలో ఆ పాటకు ఆమె దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. మరి నిన్న ఎందుకు నొక్కింది? ఆ సంగతి ఆమె ఇంట్లో కూడా చెప్పలేదు.

ఇంట్లో అంటే అన్నా వదినలు. అన్నయ్య పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోతాడు. వదిన నాటకశాలలకు తెరలు కుడుతుంది. హాలు నిండా మడతలు మడతలుగా ముదురు రంగు బట్ట, మధ్యలో ఆమె, ఆమె ముందు మిషను. కెమెరా మోత తగ్గుతుందని, మిగిలిన తెరబట్ట ముక్కల్లో దూది కూరి దానికొక తొడుగు కుట్టింది కూడా ఆమే. మోత సగం తగ్గింది. సగం నిన్న సరిపోలేదు.

ఆడపడుచు టీ కూడా తాగకుండా బూట్లు తొడుక్కోవడం చూసి వదిన మిషను ఆపింది.

"ఉరి తీసేవాళ్ళు కూడా చివరి కోరిక అడుగుతారటమ్మా. టీ తాగి వెళ్ళు."

"వద్దు వదినా. ఆలస్యమవుతుంది."

"వాళ్ళు రానివ్వకపోతే రా, మిషను పక్కన కూర్చుని గుండీలు కుట్టుకుందువుగాని. వాటికి చప్పుడు ఉండదు."

పిచ్చుక నవ్వింది. నవ్విందే గానీ, గడప దాటేసరికి కళ్ళు చెమర్చాయి. రానివ్వకపోతే. ఆ ఒక్క మాట దారి పొడుగునా ఆమె పక్కనే నడిచింది.

ఆ పక్కన నడిచేదాన్ని తరిమేయడానికి ఆమె తనకు దక్కినవి తలుచుకుంది. వేదిక వెనక చీకట్లో తడుముకుంటుంటే చెయ్యి పట్టి నడిపించిన చెయ్యి అక్కగారిది. కాపలావాడు భుజం పట్టి గెంటబోతే, పాట మధ్యలో చూపుతోనే ఆపిన చూపు అక్కగారిది. పాడే మనిషిని నోరు తెరిచి ఉండగా తీయకు, పాటకు ముందు ఊపిరి తీసుకుంటుందే అప్పుడు తియ్యి, పాట అక్కడే ఉంటుంది అని నేర్పిన మాట అక్కగారిది. ఏ గోడ మీద ఆమె తీసిన ఫొటో వేలాడినా ఆ మేకు కొట్టినవాళ్ళు ఆ అక్కాతమ్ముళ్ళే. ఇక రావద్దన్నా, ఇన్నాళ్ళూ రానిచ్చినందుకు దండం పెట్టి రావాలి. అంతకు మించి నోరు విప్పకూడదు. అలా అనుకుని, ఆ అనుకోవడంతోనే కాస్త ధైర్యం తెచ్చుకుని, రికార్డింగ్ గది మెట్లెక్కింది.

ఆ గదికి కిటికీలు లేవు. గోడలకు గుడ్ల అట్టల్లా ఎగుడుదిగుడుగా ఉండే నల్లని మెత్త. ఒక మూల చేతులు అరిగిన సోఫా, దాని మీద అక్కగారు. కాళ్ళు పైకి ముడుచుకుని, శాలువా భుజాల చుట్టూ లాక్కుని, ఇంట్లో కూర్చున్నట్టే కూర్చున్నారు. గోడకు ఆనుకుని ఉరుము మాస్టారు. యంత్రాల ముందు చెవులాయన. పక్క వీధిలో గిన్నె పడినా ఏ గిన్నో చెప్పగలడని ఆయనకు ఆ పేరు పెట్టారు. ఆయన ఎదుట మాత్రం సార్ అంటారు.

ఎవరూ తిట్టలేదు. చెవులాయన మీట నొక్కాడు. రెండు పెద్ద స్పీకర్లలోంచి నిన్నటి సాయంత్రం గదిలోకి వచ్చింది. గిటారు తీగ. అక్కగారి గొంతు. నీ అడుగుల తడి ఆరకముందే. ఆ తర్వాత, గిటారు చివరి తీగ మెల్లగా సన్నబడుతూ, సన్నబడుతూ, జనం ఊపిరి బిగబట్టిన ఆ పెద్ద ఖాళీ. ఆ ఖాళీలో టప్. వెంటనే, అదే ఆనవాలు కోసం ఎదురుచూస్తున్నట్టుగా, నా పాట నీ వెంట పంపుతాను.

పిచ్చుక తల దించుకుంది. నేలలో చోటుంటే దూరిపోయేది.

చెవులాయన తన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆ చప్పుడును తీసేద్దామని తెల్లవార్లూ కుస్తీ పట్టాడట. గిటారు తీగ కంపనం దానితో కలిసిపోయి ఉందట; దీన్ని పీకితే అదీ ఊడి వస్తుందట. అక్కడ మచ్చైనా ఉండాలి, చిల్లైనా పడాలి అన్నాడు. ఉరుము మాస్టారు గోడ మీంచి వీపు తీయకుండానే, ఆ ఖాళీ మొత్తం కోసెయ్యమన్నారు. ఈ పాదానికి ఆ పాదం అతికించెయ్యి అన్నారు. చెవులాయన కుర్చీతో సహా గిర్రున తిరిగాడు. కోస్తే పాట ప్రాణమే పోతుందనీ, నిన్న జనం ఏడ్చింది మాటకు కాదు, ఆ ఆగడానికనీ, తన సర్వీసులో అంత నిండు నిశ్శబ్దం పట్టలేదనీ వాదించాడు. అయినా కోసెయ్యి అన్నారు ఉరుము మాస్టారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. చెప్పకుండా, పిచ్చుక వైపు తిరిగారు.

"వచ్చే కచేరీ నుంచి వేదిక ముందు కెమెరా ఉండదు. ఎవరిదీ ఉండదు. నీ ఒక్కదాని గురించి కాదు, ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోకు అన్న మాట దెబ్బ కంటే గట్టిగా తగిలింది.  పిచ్చుక చేతులు జోడించింది. ఇన్నాళ్ళూ ఉండనిచ్చారు, అదే చాలా ఎక్కువండీ అని, ఆ మాట సగంలోనే తడబడి, తలుపు వైపు తిరిగింది.

"ఆగవే" అన్నారు అక్కగారు. "ఆ ఫొటో తెచ్చావా?"

తెచ్చింది. కెమెరా మెడలోనే ఉంది. వెనకవైపు చిన్న తెర మీద ఆ ఫొటో తెచ్చి, రెండు చేతులా పట్టుకుని, సోఫా దగ్గరికి వెళ్ళి చూపించింది. అక్కగారు శాలువాలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. చూశారు. చాలాసేపు చూశారు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి మడిచి, మగవాళ్ళిద్దరితో టీ తాగి రండర్రా అన్నారు. ఇప్పుడే తాగాం అని చెవులాయన అన్నాడు. అయితే మళ్ళీ తాగండి అన్నారు.

తలుపు మూసుకుంది. ఆ గదిలో తలుపు మూసుకుంటే ప్రపంచం మొత్తం మూసుకున్నట్టే ఉంటుంది.

"ఎవరికి చూపించావు?"

"ఎవరికీ లేదండీ."

"మీ వదినకి?"

"లేదు."

"అది నువ్వు అన్నం మానేస్తే కారణం కనిపెట్టే మనిషి కదే. దానికీ చెప్పలేదంటే గట్టిదానివే. కూర్చో." అక్కగారు కాళ్ళు ముడిచి చోటిచ్చారు. "ఇప్పుడు నిజం చెప్పు. దీపం పాటకు నువ్వు కెమెరా ఎత్తవు. నిన్న ఎందుకు ఎత్తావు?"

పిచ్చుక వేళ్ళు తొడుగు కుట్ల మీద తిరిగాయి.  అక్కగారి ముఖం ఆమెకు కొత్తది కాదు. పై స్థాయికి వెళ్ళే ముందు కనుబొమలు ఎలా కలుస్తాయో, నచ్చిన మాట వచ్చే ముందు పెదవి ఏ వైపు వంగుతుందో, అలసట వస్తే మెడ నరం ఎక్కడ తేలుతుందో ఆమెకు కంఠతా వచ్చు. నిన్న ఆ చిన్న దీపం వెలుగులో ఆ ముఖం మీద వాటిలో ఏదీ లేదు. సంతలో తల్లి చెయ్యి జారిపోయిన పసిపిల్ల ముఖం అది. ఏడుపు ఇంకా మొదలవలేదు. కళ్ళు మాత్రం ఎవరి కోసమో అటూ ఇటూ తిరుగుతున్నాయి. అది చూసి, ఆమె ఆలోచించకముందే ఆమె వేలు నొక్కేసింది.

"మీరు అక్కడ లేరు అక్కగారూ" అంది చివరికి. "పాటలో లేరు. నాకు భయమేసింది. పిలవాలనిపించింది. నోటితో పిలవలేను కదండీ."

అక్కగారు తల ఊపారు. ఒకసారి ఊపి, మళ్ళీ ఊపి, ఇంకా ఊపుతూనే ఉన్నారు.

"అవును, లేను. మాట ఒక్కటే పోతే ఫరవాలేదే. అన్నీ పోయాయి. ఆ గిటారు అబ్బాయి ఎవరో తెలియలేదు. ఎదురుగా చీకటి. చేతిలో ఏదో ఇనప కర్ర. నేను ఎక్కడ నిలబడ్డానో, ఎందుకు నిలబడ్డానో తెలియలేదు. అరవాలో, దిగి వెళ్ళిపోవాలో కూడా తెలియలేదు. అప్పుడు టప్పుమంది. ఓహో, మా పిచ్చుక ఇక్కడే ఉంది అనుకున్నాను. పిచ్చుక ఉందంటే ఇది వేదిక. వేదికైతే నేను పాడుతున్నట్టే. పాడుతుంటే ఏ పాట? ఇంత చీకట్లో ఇంకేం పాట, దీపం పాటే. అప్పుడు మాట దానంతటదే నాలిక మీదికి వచ్చి కూర్చుంది."

 అక్కగారు ఆమె చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నారు. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి.

"నువ్వు క్షమాపణ చెప్పడానికి వచ్చావు కదూ. మొహం చూస్తేనే తెలుస్తోంది. పిచ్చి మొహమా, నేను నీకు దండం పెట్టాలి. నన్ను ఇంటికి తీసుకొచ్చావు."

ఇంతకాలమూ ఇచ్చే చేతులు వాళ్ళవి, పుచ్చుకునే చేతులు తనవి. ఇవాళ ఆ చేతులే తన చేతిని పట్టుకుని, ఇచ్చావు అంటున్నాయి. పిచ్చుకకు ఏడుపు ఆగలేదు. అక్కగారు శాలువా కొంగుతో ఆమె ముక్కు తుడిచి, ఇది ఉన్ని శాలువా, గుచ్చుకుంటే భరించు అన్నారు.

తర్వాత మిగతా సంగతులు, ఎవరి ఇంటి సంగతులో చెబుతున్నట్టు, మామూలు గొంతుతో చెప్పారు. డాక్టరమ్మ పరీక్షలు చేసిందట. ఈ మతిమరుపు జబ్బు ఇంకా మొదట్లోనే ఉందట. అయితే వెనక్కి మాత్రం వెళ్ళదట. వీడ్కోలు కచేరీలు పెట్టుకున్నది అందుకేనట. పాట తనను మరిచిపోయేలోగా తానే పాటకు సెలవు చెప్పి రావాలని. ఈ సంగతి డాక్టరమ్మకు తెలుసు, తనకు తెలుసు, ఇప్పుడు పిచ్చుకకు తెలుసు.

"మాస్టారికి?"

"వాడికి తెలియదు. తెలియకూడదు. తెలిస్తే ఆ పూటే కర్రలు అటక మీద పడేస్తాడు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, గంటకోసారి పళ్ళరసం తెచ్చి, బాగున్నావా అక్కా అని మొహంలోకి చూస్తాడు. ఆ చూపు నేను భరించలేనే. మా అమ్మ పోయాక వాడికి జోల పాడి నిద్రపుచ్చింది నేను. వాడి దృష్టిలో నేనింకా అన్నీ తెలిసిన అక్కనే. ఈ నాలుగు కచేరీలు అయ్యేదాకా అలాగే ఉండనీ. మాటివ్వు."

పిచ్చుక మాటిచ్చింది. ఆ క్షణంలో ప్రాణమడిగినా ఇచ్చేది.

"ఇంకొకటి. ప్రతి కచేరీలోనూ దీపం పాట పాడతాను. నువ్వు ఎప్పుడూ కూర్చునే చోటనే కూర్చో. నేను తప్పిపోయినట్టు కనిపిస్తే నొక్కు."

"మీరు కావాలని ఆగారో, తప్పిపోయారో నాకు ఎలా తెలుస్తుందండీ?"

"నిన్న ఎలా తెలిసింది?"

 అయినా పిచ్చుక భయపడుతూ, చప్పుడు మళ్ళీ రికార్డులో పడుతుంది కదా అని గొణిగింది. పడనీ అన్నారు అక్కగారు. రికార్డు అట్ట మీద గిటారు ఫలానా, డ్రమ్ములు ఫలానా అని వేస్తారు కదా, కెమెరా మా పిచ్చుక అని వాద్యాల వరసలోనే వేయిస్తాను, నీ పేరు కింద సంతకం పెట్టించుకోవడానికి జనం వరస కడతారు చూడు అన్నారు. ఏడుస్తున్న పిచ్చుక నవ్వింది. నవ్వుతున్న అక్కగారు కళ్ళు తుడుచుకున్నారు.

మగవాళ్ళు తిరిగి వచ్చేసరికి తీర్పు సిద్ధంగా ఉంది. ఖాళీ కోయవద్దన్నారు అక్కగారు. చప్పుడు తీయవద్దన్నారు. పిచ్చుక చోటు పిచ్చుకదే అన్నారు. ఎందుకో చెప్పలేదు, పాడింది నేను, నాకు బాగుంది, అంతే అన్నారు. చెవులాయనకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఆ నిశ్శబ్దాన్ని కాపాడినందుకు మీకు రుణపడి ఉంటానమ్మా అని, ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనన్నట్టు గబగబా హెడ్‌ఫోన్లు తగిలించుకుని యంత్రాల మీదికి వంగిపోయాడు. ఉరుము మాస్టారు అక్క ముఖం వంక చూశారు, ఆమె చేతిలో మడిచి ఉన్న కళ్ళజోడు వంక చూశారు, పిచ్చుక ఎర్రబడ్డ ముక్కు వంక చూశారు. చూసి, తలతోనే బయటికి రమ్మని సైగ చేశారు.

బయట సన్నని వరండా. ఒక వైపు డ్రమ్ముల పెట్టెలు ఒకదాని మీద ఒకటి. రెండో వైపు మంచినీళ్ళ యంత్రం, దాని పక్కన గ్లాసులు బోర్లించిన బల్ల. తలుపు వెనక నుంచి ఏ చప్పుడూ రావడం లేదు. మాస్టారు ఒక పెట్టె మీద కూర్చున్నారు. ఫొటో చూపించమంటారని పిచ్చుక కెమెరాను రెండు చేతులా గుండెకు అదుముకుంది.

"చూపించక్కర్లేదు. అందులో ఏముందో నాకు తెలుసు."

పిచ్చుక కెమెరాను వదిలి ఒక అడుగు దగ్గరికి జరిగింది.

"నువ్వు మొహం చూస్తావు. నేను వెనక కూర్చుంటాను కనుక వీపు చూస్తాను. తప్పిపోయినప్పుడు అక్క ఎడం చెయ్యి మైకు కర్ర మీంచి జారి, గాలిలో దేనికోసమో తడుముతుంది. పోయిన వానాకాలం నుంచీ చూస్తున్నాను. ఆ చెయ్యి జారగానే డ్రమ్ము అంచు మీద ఒక్క దెబ్బ వేస్తాను. పాటలో లేని దెబ్బే. జనం అదొక విన్యాసమనుకుంటారు. తను తిరిగి వచ్చేస్తుంది."

ఆయన ఇన్ని మాటలు వరసగా మాట్లాడడం పిచ్చుక ఎప్పుడూ వినలేదు. ఒక్కొక్క మాటా బరువు తూచి కింద పెడుతున్నట్టు మాట్లాడారు. దీపం పాట మానేయమని తానే పోరాడానని చెప్పారు. అక్క వినలేదట. మిగతా పాటల్లో తానున్నారు. ఆ పాటలో తనకు వాయించే పని లేదు. నిన్న అక్క చెయ్యి జారింది. కర్రలు ఒడిలో ఉన్నాయి. కొడితే, డ్రమ్ములు లేని పాటలో ఆ దెబ్బ ఏమిటని హాలంతటికీ తెలిసిపోతుంది. కొట్టకపోతే అక్క ఆ చీకట్లోనే ఉండిపోతుంది. కొట్టనూ లేక, మాననూ లేక కూర్చున్నాను అన్నారు.

"నేను కొట్టలేని దెబ్బ నువ్వు కొట్టావు. ఈ మాట ఆ గదిలో అనలేను, అందుకే ఇక్కడికి పిలిచాను. నా దెబ్బ కింద ఇన్నాళ్ళు దాక్కున్నావు. నిన్న నేను నీ దెబ్బ కింద దాక్కున్నాను. బతికించావమ్మా."

ఆ ఖాళీ కోసెయ్యమన్నదీ, కెమెరాలు వద్దన్నదీ కోపంతో కాదని అప్పుడు పిచ్చుకకు తెలిసింది. రికార్డు బయటికి వస్తే జనం ఆ నిశ్శబ్దాన్ని మళ్ళీ మళ్ళీ వింటారు. వినగా వినగా ఎవరికో ఒకరికి అర్థమవుతుంది. అక్కను ఎవరూ జాలిగా చూడకూడదని ఆయన బాధ. లోపల ఆమె, తమ్ముడు జాలిగా చూడకూడదని దాచుకుంది. బయట ఆయన, అక్కను ఎవరూ జాలిగా చూడకూడదని దాచుకున్నారు. ఒకే మూటను ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, ఎదుటివాళ్ళ చేతులు ఖాళీ అనుకుంటూ మోస్తున్నారు. ఇంత ప్రేమ మధ్యలో తనకు కూర్చునే చోటు దొరికినందుకు పిచ్చుక మనసులోనే దండం పెట్టుకుంది.

ఆ దండం పూర్తికాకముందే మాస్టారు జేబులోంచి ఫోను తీశారు.

"ఇప్పుడు ఒక్క మాట అడుగుతాను. ఇందాక మమ్మల్ని బయటికి పంపి నీతో ఏం మాట్లాడిందో నాకు అక్కర్లేదు. ఒక్కటే చెప్పు. తనకిలా అవుతోందని తనకు తెలుసా?"

పిచ్చుక మూసి ఉన్న తలుపు వంక చూసింది.

"తెలిసే పాడతానంటే, చివరి పాట దాకా వెనక కూర్చుంటాను. పడిపోయేదాకా వాయిస్తాను. కానీ తెలియకుండా పాడుతోందంటే, కళ్ళు కట్టిన మనిషిని మెట్ల అంచుకు నడిపిస్తున్నట్టే కదా. అది నా వల్ల కాదు. హాలువాళ్ళకు ఇప్పుడే చెప్పేస్తాను, వచ్చే కచేరీ లేదని. మిగతావీ లేవని."

ఆయన బొటనవేలు ఫోను మీద ఆగి ఉంది. ముఖం మీద బెదిరింపు లేదు. బతిమాలుతున్న మనిషి ముఖం అది. తెలుసు అంటే లోపల ఇచ్చిన మాట తప్పినట్టు. తెలియదు అంటే అక్కగారి పాటను తన చేత్తోనే ఆపినట్టు. నాకు తెలియదండీ అని తప్పించుకుందామంటే, ఇప్పుడే బతికించావు అన్న మనిషి ముఖాన అబద్ధం ఆడినట్టు. ఇద్దరికీ రుణపడ్డ మనిషి ఎవరి పక్కన నిలబడుతుంది?

"చెప్పు పిచ్చుకా."

పిచ్చుక ఆయన ఫోను మీద తన అరచెయ్యి మెల్లగా కప్పింది. ఇన్నేళ్ళలో ఆయనను ఆమె తాకడం అదే మొదలు.

"నేను చెప్పకూడదండీ. మీరే అడగండి" అంది. "నన్ను కాదు."

ఆ మాటలో జవాబు ఎంత ఉందో అన్నాక గానీ ఆమెకు తెలియలేదు. మాస్టారి ముఖం పాలిపోయింది. పెట్టె మీంచి లేచారు. పిచ్చుక ఆయన కంటే ముందు వెనక్కి తిరిగి, ఆ బరువైన తలుపు పిడి పట్టుకుంది. ఆమె లాగకముందే అది లోపలి నుంచి తెరుచుకుంది.

గడపలో అక్కగారు నిలబడి ఉన్నారు. శాలువా ఒక భుజం మీంచి జారి నేల మీద వేలాడుతోంది. తమ్ముడి వంక చూశారు. చిరునవ్వు నవ్వారు, పరాయివాళ్ళకు దారి ఇచ్చేటప్పుడు నవ్వే మర్యాద నవ్వు.

"ఎవరు బాబూ" అన్నారు, "మా తమ్ముణ్ణి చూశారా?"